భోగి పోగులో ఉడుము: చచ్చింది కాదు, చలికి పడుకున్నది

అమలాపురం: ధనుర్మాసం ప్రవేశించిందంటే కోనసీమ పల్లెల్లో భోగి మంటల ప్రయత్నాలు మొదలవుతాయి. కొబ్బరి తోటల్లో ఏడాది పొడవునా పడివున్న దుంగలు, ఎండు మట్టలు, డొక్కల పోగులు కదులుతాయి. ఆ పోగుల అడుగున ఒక్కొక్కప్పుడు ఉడుము బయటపడుతుంది. కదిపినా పరుగెత్తదు. కళ్లు మూసుకుని కట్టెలా పడివుంటుంది. చచ్చిందనుకుని విసిరేసేవారు కొందరైతే, జబ్బు చేసిందని జాలిపడి ఇంటికి తెచ్చి పాలు, గుడ్డుసొన నోట్లో పోసేవారు మరికొందరు. నిజానికి అది చచ్చిందీ కాదు, జబ్బుపడిందీ కాదు. చలికి పడుకున్నది.

మనుషులకూ పశువులకూ మాదిరిగా ఉడుముకు ఒంట్లో వేడి పుట్టదు. దానికి ఎండే పొయ్యి. ఎండలో కాగి ఒళ్లు సుమారు 35 డిగ్రీలకు చేరితేనే పరుగు, వేట, జీర్ణం సాగుతాయి. ఒళ్లు చల్లబడితే గుండె, ఊపిరి నెమ్మదిస్తాయి. ఆకలి పోతుంది. ముందుగా తోక మొదట్లోనూ, పొట్టలోనూ చేర్చుకున్న కొవ్వుతో కాలం గడుపుతుంది. ఉత్తరాదిన చలి ముదిరినప్పుడు ఉడుములు వారాల తరబడి బొరియలు విడిచి రావు. మన వైపు అంత చలి లేదు గనుక మంచు పడే ఉదయాల్లోనూ, మబ్బు పట్టిన రోజుల్లోనూ మాత్రమే ఇలా మందగిస్తాయి. ఎండ కాస్తే మళ్లీ తిరుగుతాయి.

ఇది ఒక్క ఉడుముకే పరిమితం కాదు. ఆస్ట్రేలియా మెట్టనేలల్లో మెడ కింద గడ్డంలాంటి ముళ్ల పొలుసులుండే పెద్ద తొండ ఒకటున్నది. దానిని బియర్డెడ్ డ్రాగన్ అంటారు. అనేక దేశాల్లో దీనిని ఇళ్లలో పెంచుతున్నారు. చలికాలంలో అది తిండి మాని వారాలు పడుకుంటే, కొత్తగా పెంచేవారు చచ్చిపోతున్నదని కంగారుపడడం అక్కడా మామూలే. వారికి పశువైద్యులు చెప్పే మాట ఒకటే: చల్లబడిన ప్రాణికి తిండి పెట్టవద్దు. వేడి లేని కడుపులో తిండి అరగక కుళ్లుతుంది. పాలు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉన్నది.

రైతుకు మిత్రుడు

ఉడుము ఇంట్లోకి వస్తే అరిష్టమన్న నమ్మకం మన పల్లెల్లో ఇంకా ఉన్నది. కాని దాని ఆహారం చూస్తే కొబ్బరి రైతు దానిని తరమడు. ఎలుకలు, పీతలు, నత్తలతో పాటు పేడపురుగులు, వాటి లద్దెలు దానికి ఇష్టం. కొబ్బరి మొవ్వు తొలిచే కొమ్ము పురుగు పిల్లలు పెరిగేది పెంటపోగుల్లోనూ, కుళ్లిన దుంగల్లోనూ. ఉడుము గోళ్లతో తవ్వి వెదికేదీ అటువంటి చోట్లనే.

కనిపిస్తే ఏం చేయాలి?

గాయం లేకపోతే తీసిన మట్టలే మళ్లీ కప్పి వదిలివేయడం మేలు. పోగు తీయక తప్పకపోతే పక్కనే కదపని పోగు కిందికి చేర్చాలి. తోక పట్టి లాగరాదు, నిప్పు దగ్గర పెట్టరాదు. బతికున్నదీ లేనిదీ తెలియాలంటే డొక్కల వైపు కాసేపు నిదానంగా చూడాలి. ఊపిరి ఎంత మెల్లగా ఆడినా కనిపిస్తుంది. కళ్లు గుంటలు పడినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, నోట జిగురు కారుతున్నా అది చలి నిద్ర కాదు, జబ్బే. అప్పుడు గాలి రంధ్రాలున్న పెట్టెలో గోనె పరిచి, చీకటిగా, సందడి లేని చోట ఉంచి అటవీ శాఖకు కబురు చేయాలి. పాముకున్నట్లు దీనికి విషపు కోరలు లేవు. అయినా కరిచినా, గోళ్లతో గీరినా గాయాన్ని సబ్బుతో కడిగి డాక్టరుకు చూపించుకోవాలి.

దయతోనైనా ఇంట్లో ఉంచుకోవడం కుదరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉడుము మొదటి షెడ్యూలులో ఉన్నది. దానిని చంపినా, మాంసం అమ్మినా 3 నుంచి 7 ఏళ్ల జైలు, జరిమానా తప్పవు. చేజిక్కిన వన్యప్రాణి సంగతి 48 గంటల్లోగా పోలీసు స్టేషనులో గాని, అటవీ అధికారికి గాని తెలపాలి.

భోగి మంట వేసేది తెల్లవారుజామున. రోజులో చలి ఎక్కువగా ఉండే వేళ అదే. పోగులో దాగిన ఉడుముకు, తొండకు, పాముకు పరుగెత్తే శక్తి లేనిదీ ఆ వేళనే. అందుచేత నెలల తరబడి కదపని పోగుకు ఉన్నచోటనే నిప్పు పెట్టరాదు. ముందురోజు ఎండ బాగా ఎక్కిన తర్వాత, చేత్తో కాకుండా కర్రతో ఒక్కొక్క మట్టే తీసి, వేరే చోట పేర్చుకోవాలి. కాళ్లకు చెప్పులుండాలి. పాము ఉంటే మనకూ రక్షణ, ఉడుము ఉంటే దానికీ దారి. ఈ పని గంటలో తెమిలేదే గనుక మంటలు వేసే యువకులు ఈ ఏడు ఒకరోజు ముందే పోగులు కదిపితే బాగుంటుంది.