వాపూ, బలుపూ, కోచ్ గారూ

"వాపును చూసి బలుపు అనుకున్నట్లు" అని మనవాళ్ళొక సామెత చెబుతారు. ఈ సామెత పుట్టిన రోజుల్లో దేహదారుఢ్య పోటీలు లేవు గాని, ఉండి ఉంటే వాటికోసమే పుట్టిందని ఎవరైనా అనుకుంటారు.

మా హాస్టల్లో నా పక్క గది మిత్రుడొకడు జిల్లా స్థాయి పోటీకి తయారయ్యాడు. తెల్లవారుజామున అయిదింటికి లేవడం, మెస్సులో పెట్టిన గుడ్లలో తెల్లసొన తాను తిని పచ్చసొన మాకు పంచడం - అంతా బాగానే సాగింది. పోటీ వారముందనగా ఉప్పు మానేశాడు. రెండు రోజులుందనగా నీళ్ళూ మానేశాడు. ఇదేమిట్రా అంటే "కోచ్ చెప్పాడు" అన్నాడు. పోటీనాడు పొద్దున ఏదో చిన్న మాత్ర మింగాడు. "పేరు తెలీదు, కోచ్ ఇచ్చాడు" అన్నాడు. మధ్యాహ్నానికల్లా పిక్కలు బిగుసుకుపోయి, కళ్ళు తిరిగి, వేదిక వెనకాలే పడిపోయాడు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కిస్తూ డాక్టరుగారు మూడు ప్రశ్నలడిగారు. ఏ మందు? ఎంత మోతాదు? ఎవరు రాసిచ్చారు? మొదటి రెండింటికీ మా దగ్గర జవాబు లేదు. మూడోదానికి "కోచ్" అన్నాం. ఆ కోచ్ గారు ఆసుపత్రి గుమ్మం తొక్కలేదు.

అప్పటినుంచీ నన్ను వేధిస్తున్న ప్రశ్న ఒకటే. ఈ కోచ్ ఎవరు? ఆయన్ని కోచ్‌ని చేసిందెవరు?

వైద్యం చెయ్యాలంటే పట్టా కావాలి. ఆటో నడపాలన్నా లైసెన్సు కావాలి. కుర్రవాళ్ళ గుండెలతో, మూత్రపిండాలతో పని ఉన్న కోచ్‌కి మాత్రం ఏ కాగితమూ అక్కరలేదు. 1961లో పాటియాలాలో వెలసిన జాతీయ క్రీడా సంస్థ ఎన్నో ఆటలకు శిక్షకులను తయారుచేస్తూ వచ్చింది. వ్యాయామ విద్యలో డిగ్రీలూ ఉన్నాయి. కాని జిమ్ము తెరిచి "కోచ్" అని బోర్డు తగిలించుకోవడానికి అవి ఉండితీరాలన్న నిర్బంధం లేదు. ఒకటి రెండు పతకాలూ, గోడమీద నిలువెత్తు ఫోటో ఉంటే చాలు. అంతకన్నా తేలిక మార్గం, ఫోనులో అందరికీ ఒకే ఆహార పట్టిక పంపడం. పొట్టివాడికీ, పొడుగువాడికీ, ఇంట్లో మధుమేహం ఉన్నవాడికీ, లేనివాడికీ అదే పట్టిక!

"ఆయన కండలు చూడు, అంతకన్నా సర్టిఫికెట్ ఏం కావాలి?" అంటారు. ఇక్కడే ఉంది తిరకాసు. కండ ఎంత పెరుగుతుంది, ఎక్కడ పెరుగుతుంది అన్నది చాలావరకు పుట్టుకతో వచ్చిన సొత్తు. ఆరడుగులవాణ్ణి పట్టుకుని "పొడుగవడమెలాగో నేర్పండి" అని ఎవరూ అడగరు కదా! పదిమంది ఒకే పద్ధతి పాటిస్తే ఒకడు గెలుస్తాడు, తక్కినవాళ్ళు నడుములు పట్టేసి ఇళ్ళకు పోతారు. గోడమీదికెక్కేది మాత్రం గెలిచినవాడి ఫోటోయే.

మా మిత్రుణ్ణి పడగొట్టిన ఆ "ఎండగట్టడం" సంగతే చూడండి. ఈ పోటీల్లో ఎవరెంత బరువెత్తారని అడగరు. చూసేది కండల పరిమాణం, పొందిక, చర్మం కింద గీతలు తేలడం. అందుకని చివరి రోజుల్లో చర్మం కింది నీటిని తోడేస్తే కండ తేలుతుందని కోచ్‌ల సిద్ధాంతం. వినడానికి బాగానే ఉంది. కాని ఇది చర్మం కింది నీరు, ఇది కండలోది, ఇది నెత్తురులోది అని శరీరం కోచ్ గారి చీటీ చూసి పంచిపెట్టదు. కండలో నాలుగింట మూడు వంతులు నీరే. తిన్న పిండిపదార్థం కండలో గ్లైకోజెన్‌గా నిలవ ఉండాలంటే గ్రాముకు సుమారు 3 గ్రాముల నీరు కావాలి. అన్నం దండిగా తిని కండ నింపమంటూనే నీళ్ళు మానమనడం, పిండి కలపమని చెప్పి నీళ్ళచెంబు ఎత్తుకుపోవడం లాంటిదే!

ఇక ఆ చిన్న మాత్ర. మూత్రం ఎక్కువగా పోయించే ఆ మందులు రక్తపోటుకూ, ఒంట్లో నీరు చేరిన గుండెజబ్బువాళ్ళకూ డాక్టర్లు రాసేవి. వాటిలో కొన్ని రకాలు నీటితోపాటు పొటాషియాన్నీ ఈడ్చుకుపోతాయి. కొన్ని రకాలు దాన్ని ఒంట్లోనే పట్టి ఉంచుతాయి. పొటాషియం మరీ పడిపోయినా, మరీ పెరిగినా గుండె లయ తప్పుతుంది. ఏ మాత్ర ఏ రకమో తెలియని మనిషి, పైగా పొటాషియం మాత్రలు కూడా మింగమంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఇవి బెదిరింపు మాటలు కావు. 1992లో మొహమ్మద్ బెనజీజా అనే ప్రపంచ ప్రసిద్ధ కండలవీరుడు హాలెండ్‌లో పోటీలో పాల్గొన్న కొద్ది గంటలకే మరణించాడు. ఒళ్ళు ఎండగట్టుకోవడమే అందుకు కారణమని చెబుతారు. 1996లో ఆస్ట్రియా దేశస్థుడు ఆండ్రియాస్ మున్జర్, అమెరికాలో పెద్ద పోటీ ముగించుకొచ్చిన రెండు వారాలకే, లోపలి అవయవాలు ఒకదాని తర్వాత ఒకటి చెడిపోయి మరణించాడు. అప్పటికి అతనికి 31 ఏళ్ళు. అంతటివాళ్ళకే ఆ గతి పడితే, మెస్సు భోజనం తినే మనబోటివాళ్ళ మాటేమిటి?

హార్మోను ఇంజెక్షన్ల కథా ఇంతే. బయటినుంచి టెస్టోస్టెరాన్ వచ్చిపడుతుంటే పిట్యూటరీ గ్రంథి తన ఆజ్ఞలు ఆపేస్తుంది. వృషణాలు కుంచించుకుపోతాయి, వీర్యకణాలు తగ్గిపోతాయి. మానేశాక మామూలు స్థితికి రావడానికి నెలలు పట్టవచ్చు. మధుమేహం లేనివాడు కండకోసం ఇన్సులిన్ పొడుచుకుంటే, చక్కెర పడిపోయి ప్రాణానికే ముప్పు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మన దేశంలో నిషిద్ధ మందుల నిరోధానికి 2005లో జాతీయ సంస్థ ఏర్పడింది, 2022లో చట్టమూ వచ్చింది. ఆ నిబంధనలకు మూలసూత్రం - ఆటగాడి ఒంట్లో దొరికినదానికి ఆటగాడే బాధ్యుడు. "నాకు తెలీదు, కోచ్ ఇచ్చాడు" అన్నంత మాత్రాన తప్పించుకోలేడు. ఇచ్చిన కోచ్‌మీదా చర్య తీసుకోవచ్చు. కాని నోటిమాటగా చేతిలో పెట్టిన మాత్రకు సాక్ష్యమేది?

అలాగని వ్యాయామమే చెడ్డదంటే పాపం. 1952లో లండన్‌లో మిస్టర్ యూనివర్స్ పోటీలో తన ఎత్తు విభాగంలో నెగ్గిన బెంగాలీ వీరుడు మనోహర్ ఐచ్ నూరేళ్ళు దాటి బతికి 2016లో కన్నుమూశాడు. కాగితం ఉన్నవాళ్ళంతా జ్ఞానులనీ నేననను. రెండు రోజుల్లో కాగితం చేతిలో పెట్టే చోట్లూ ఉన్నాయి. పాత తాలింఖానాల్లో ఏ పట్టా లేకుండానే, "మోకాలు నొప్పంటున్నావు, ఈ నెల గుంజీలు మానెయ్యరా" అని కన్నబిడ్డల్లా చూసుకున్న పెద్దలున్నారు. తేడా ఎక్కడంటే, తెలిసినవాడికి తనకు తెలియనిదేమిటో కూడా తెలుసు. "ఇది నా పని కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళు" అనగలడు. మిడిమిడి జ్ఞానికి ఆ మాట నోట రాదు.

కండలే సర్టిఫికెట్ అయితే మన కలియుగ భీముడు కోడి రామమూర్తి నాయుడుగారి కంటే ఎవరికుంది? ఆయన కూడా మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, సర్టిఫికెట్ పుచ్చుకుని, ఆ తర్వాతే విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడిగా చేరారు. ఛాతీమీద ఏనుగును నిలబెట్టుకున్న మనిషికే చదువు అవసరమనిపించింది!

కనుక మిత్రులారా, జిమ్ముకు తప్పకుండా వెళ్ళండి. కాని కోచ్ ఏదైనా చేతిలో పెడితే, ఆనాడు డాక్టరుగారు ఆసుపత్రిలో అడిగిన ప్రశ్నలు మీరు ముందే అడగండి. ఇదేమిటి? ఎంత? ఎందుకు? ఆపైన, "కాగితం మీద రాసి సంతకం పెడతారా సార్?" అనండి. ఆ ఒక్క మాటతో ఎన్నో మాత్రలు తిరిగి జేబులోకి వెళ్ళిపోతాయి. పోటీలు పెట్టే పెద్దలు వేదిక దగ్గర పూలదండలతోపాటు ఒక డాక్టర్ని కూడా ఉంచితే ఇంకా మంచిది.

మా మిత్రుడు ఇప్పటికీ జిమ్ముకు వెళుతూనే ఉన్నాడు. చేతిలో నీళ్ళసీసాతో వెళుతున్నాడు. పచ్చసొన కూడా తనే తింటున్నాడు. నష్టపోయింది మేమే!