పేరు చెప్పుకొనని వాద్యబృందము

ఇంగ్లండు ఈశాన్యమున, టైను నదీతీరమున, బొగ్గు వర్తకమునకును ఓడల నిర్మాణమునకును పేరొందిన న్యూకాజిల్ నగరమునందు 1980లో కొందఱు కూడి ‘జోవియెట్ ఫ్రాన్స్’ అను వింత నామముతో నొక సంగీతబృందమును నెలకొల్పిరి. వారి కృతులలో పల్లవి లేదు, చరణము లేదు. తాళము కుదిరినట్లే కుదిరి చెదరిపోవును. ఎక్కడనో యంత్రము మూలుగుచున్నట్లును, ఎవరో మంత్రమును మఱచి గొణుగుచున్నట్లును వినవచ్చు ధ్వనులే సర్వస్వము. ఇట్టి సంగీతమును నేడు ‘డార్క్ యాంబియెంట్’ అనుచున్నారు.

1978లో బ్రయన్ ఈనో ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’ అను రికార్డుతో, వినినను వినకున్నను ఒక తావును ఆవరించియుండు ప్రశాంత సంగీతమునకు యాంబియెంట్ అను పేరు స్థిరపఱచెను. ఆ ప్రశాంతిని తొలగించి, దాని స్థానమున భయమును, ప్రాచీనతను నిలిపినవారిలో ఈ న్యూకాజిల్ వారు అగ్రగణ్యులు.

వారి సాధనసామగ్రి మిక్కిలి స్వల్పము: చేతితో చేసికొన్న వాద్యములు, చవుక ఎలక్ట్రానిక్ పరికరములు, టేపురికార్డర్లు. టేపును ముక్కగా కోసి, రెండు కొనలను అతికించి త్రిప్పినచో ఒకే ధ్వని అంతులేక ఆవర్తించును. వేగమును సగము చేసినచో స్థాయి ఒక అష్టకము దిగి, అల్పమైన చప్పుడు సైతము గుహలోని గర్జనవలె గంభీరమగును. తంబురా శ్రుతిని మాత్రము మిగిల్చి గాయకుని లేపి పంపివేసినచో సభలో నేమి మిగులునో, ఇందును ఇంచుమించుగా నదియే మిగులును.

సభ్యులు తమ పేర్లను, ముఖములను చాలకాలము మఱుగుపఱచిరి. ఐనను రికార్డుల తొడుగులయం దెంత శ్రద్ధ! 1982 నాటి రికార్డును గోనెసంచిలో పెట్టిరి; మఱుసటి యేట ‘నార్ష్’ను అల్యూమినియం రేకులో చుట్టిరి; ‘మోనోమిషె’కు హార్డుబోర్డు పలకలనే అట్టలుగా నమర్చిరి. వానిని అలమరలో ఇముడ్చలేక దుకాణదారుడు ఏమని విసుగుకొనెనో! ముఖము దాచుకొనుటయు నొక ప్రచారోపాయమే కదా యని శంకించువారు లేకపోలేదు. ముసుగు వర్తకమైన ఈ దినములలో ఆ శంక అసంగతమును కాదు. కాని తమ మూర్తిని చెఱిపివేసి, గోనెకును రేకునకును శ్రమపడినవారు కీర్తిని వెదకిరని నేను నమ్మజాలను. రచయిత జీవితము తెలిసినచో శ్రోత ప్రతి ధ్వనియందును ఆతని దుఃఖమునో ఉద్దేశమునో వెదకును. ఏమియు తెలియనప్పుడు చెవికి ధ్వని తప్ప ఆధారము వేఱు లేదు. మాటలు లేని సంగీతమున కిది గొప్ప రక్ష.

1992లో బృందమును వీడిన రాబిన్ స్టోరీ కూడ స్వనామమును గాక ‘రపూన్’ అను మఱియొక పేరును ధరించెను. క్రొత్తగా వినగోరు పాఠకులు 1988లో వెలువడిన ‘షౌటింగ్ ఎట్ ది గ్రౌండ్’తో నారంభింపవలెను, పదినిమిషములైనను విసుగు తగ్గనిచో నిస్సంకోచముగా ఆపివేయవచ్చును, ఆ రుచి అందఱికిని పట్టునది కాదు.