వార్తల్లో పదం: అడ్వాన్సు

సరుకు అందకముందే కొనేవారు కట్టే సొమ్ము అడ్వాన్సు. అది అమ్మేవాడి రాబడి కాదు, తీర్చాల్సిన బాకీ. పద్దుల్లోనూ అప్పుల వైపే రాస్తారు.

ఈ తేడా చెరిగితే ఏమవుతుందో ఏలూరు కోర్టుకెక్కిన అగ్రిగోల్డ్ కేసు చూపింది. విజయవాడ కేంద్రంగా నడిచిన ఈ సంస్థ, వాయిదాలు కడితే స్థలమో, వద్దంటే లాభంతో సొమ్మో ఇస్తామంది. ఆర్థిక నేరాలను దర్యాప్తు చేసే ఈడీ లెక్కన సుమారు 32 లక్షల ఖాతాల నుంచి రూ.6,380 కోట్లు వసూలయ్యాయి. కట్టినవారిలో రెక్కల కష్టం మీద బతికేవాళ్లు ఎందరో! చాలామందికి స్థలమూ రాలేదు, సొమ్మూ రాలేదు; సంస్థ చైర్మన్ 2016 ఫిబ్రవరిలో అరెస్టయ్యారు.

స్థలాలు, ఇళ్ల అమ్మకాలను నియంత్రించే రెరా చట్టం (2016) ప్రకారం బిల్డర్లు అమ్మకం ఒప్పందం రిజిస్టర్ కాకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. వసూళ్లలో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టు భూమికీ, నిర్మాణానికీ మాత్రమే వాడాలి. డబ్బు కట్టేముందు రెరా నమోదు సంఖ్య అడగడం కొనేవారి హక్కు.