చిన్న ఇంజన్‌కు పెద్ద సత్తువ - ఆయిలు మరిస్తే అసలుకే ముప్పు

పాత ఎకోస్పోర్ట్ కొనేవారు తెలుసుకోవలసిన సంగతులు

పిట్ట కొంచెం, కూత ఘనం అన్న సామెత ఫోర్డ్ కంపెనీ వారి ఒక లీటరు ఎకోబూస్ట్ పెట్రోలు ఇంజన్‌కు అతికినట్లు సరిపోతుంది. దీనికి ఉన్నవి మూడే సిలిండర్లు. ఇంజన్ దిమ్మ నిలబడే చోటు ఆఫీసుల్లో టైపు చేసే తెల్లకాగితమంత. అయినా ఇది 125 అశ్వశక్తి ఇస్తుంది. ఇంత పనితనం గల ఈ ఇంజనే ఆయిలు విషయంలో ఏమరుపాటు జరిగితే మరమ్మతుకు లొంగకుండా పోతుంది. పాత కారు కొనదలచిన రైతులు, చిరు వ్యాపారులు దీని గుణదోషాలు రెండూ తెలుసుకుని ముందుకు వెళ్లడం మంచిది.

ఈ ఇంజన్ 2012లో ఐరోపా దేశాల్లో ఫోకస్ కారుతో వెలుగులోకి వచ్చింది. 2012, 2013, 2014 సంవత్సరాల్లో వరుసగా మూడుసార్లు అంతర్జాతీయ ఉత్తమ ఇంజన్ బహుమతి అందుకుంది. 2013లో ఎకోస్పోర్ట్ కారుతోపాటు మన దేశంలో అడుగుపెట్టింది. మన దేశంలో కార్ల తయారీ మానుకుంటున్నట్లు 2021 సెప్టెంబరులో కంపెనీ ప్రకటించింది. చెన్నై సమీపంలోని మరైమలై నగర్ ఫ్యాక్టరీలో 2022తో ఎకోస్పోర్ట్ తయారీ ముగిసింది. అందువల్ల ఇప్పుడు ఈ బండి కావాలంటే పాతదే దిక్కు.

ఎకోస్పోర్ట్ కార్లన్నిటిలోనూ ఈ ఇంజన్ లేదు. ఒకటిన్నర లీటరు పెట్రోలు, డీజిలు రకాలు కూడా అమ్ముడయ్యాయి. ఆర్.సి. పుస్తకంలో ఇంజన్ పరిమాణం వెయ్యి సి.సి.కి ఒకటి రెండు తక్కువగా ఉంటే అది ఎకోబూస్ట్ అని గుర్తించవచ్చు.

కొలిమి తిత్తి వంటిదే టర్బో

కమ్మరి కొలిమిలో బొగ్గు అంతే ఉన్నా, తిత్తి ఊదిన కొద్దీ మంట పెరుగుతుంది. టర్బో చేసే పనీ అదే. సైలెన్సరు దారి పట్టి వృథాగా పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. దానితో ఒకే ఇరుసు మీద ఉన్న రెండో చక్రం బయటి గాలిని లాగి, ఒత్తిడితో సిలిండర్లలోకి నెడుతుంది. గాలి ఎక్కువైతే దానికి తగినంత పెట్రోలు మండించవచ్చు. చిన్న ఇంజన్ పెద్ద ఇంజన్ చేసే పని చేయగలగడానికి కారణం ఇదే.

ఈ పద్ధతికి స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బుషి 1905లో పేటెంటు పొందారు. అమెరికాలో 1962లో పెట్రోలు కార్లకు టర్బో అమర్చి అమ్మారు. మన పల్లెల్లో టర్బో కొత్త మాటేమీ కాదు. లారీల్లో, పెద్ద ట్రాక్టర్లలో డీజిలు ఇంజన్లకు అది ఉన్నదే. అయితే పెట్రోలు ఇంజన్‌లో పొగ వేడి ఇంకా ఎక్కువ. కాబట్టి ఆయిలుకు, చల్లబరిచే నీటికి పరీక్ష కూడా ఎక్కువే.

ఇంజన్ లెక్కలు

ఈ ఇంజన్ సిలిండరు వ్యాసం 71.9 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 82 మిల్లీమీటర్లు. కుదింపు 10కి 1. ఒక్కో సిలిండరుకు నాలుగు చొప్పున 12 వాల్వులున్నాయి. పెట్రోలు నేరుగా సిలిండరులోకే చిమ్ముతుంది. తిప్పే బలం 170 న్యూటన్ మీటర్లు. ఈ బలం 1400 చుట్ల వద్దనే అందుకుని 4500 చుట్ల వరకు తగ్గకుండా ఉంటుంది. అందుకే నిండా మనుషులను ఎక్కించుకున్నా ఘాట్ రోడ్డు మీద బండి డీలా పడదు. టర్బో చక్రం నిమిషానికి 2 లక్షల 48 వేల చుట్ల వరకు తిరగగలదు. అంటే సెకనుకు నాలుగు వేల చుట్ల పైమాటే. అంత వేగంతో తిరిగే ఇరుసును కాపాడేది పలుచని ఆయిలు పొర ఒక్కటే.

లీటరుకు 18.9 కిలోమీటర్లు అని అప్పట్లో కంపెనీ ప్రకటించింది. అది పరీక్షలో వచ్చిన లెక్క. రోడ్డు మీద, ముఖ్యంగా వేగంగా నడిపేవారికి, అంత రాదు. టర్బో ఊదిన ప్రతిసారీ పెట్రోలు కూడా ఖర్చవుతుందని మరువరాదు.

ఆయిల్లో నానే బెల్టు

ఈ ఇంజన్‌కు వచ్చే చిక్కుల్లో పెద్దది టైమింగ్ బెల్టు. పిస్టన్లు, వాల్వులు ఒకదాని వెంట ఒకటి సరైన సమయానికి కదిలేలా చూసే బెల్టు ఇది. కొన్ని కార్లలో ఈ పనికి ఇనుప గొలుసు ఉంటుంది. మరికొన్నిటిలో రబ్బరు బెల్టు ఇంజన్ బయట పొడిగా తిరుగుతుంది. ఎకోబూస్ట్‌లో మాత్రం రబ్బరు బెల్టు ఇంజన్ లోపలే, ఆయిల్లో తడుస్తూ తిరుగుతుంది. రాపిడి, చప్పుడు తగ్గించి పెట్రోలు ఆదా చేయడం ఇందులోని ఉద్దేశం. ఆయిలు పంపును తిప్పడానికి మరో చిన్న బెల్టు కూడా ఇలాగే లోపల ఉంటుంది.

తగిన ఆయిలు పోసి, వేళకు మారుస్తూ ఉంటే బెల్టు చాలా కాలం మన్నుతుంది. వేరే రకం ఆయిలు పోసినా, పాత ఆయిలుతోనే లాగించినా రబ్బరు మెత్తబడి, పగిలి, పొట్టులా రాలుతుంది. దగ్గరి దూరాలు తిరిగే బళ్లలో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. అప్పుడు కొంత పెట్రోలు ఆయిల్లో కలుస్తుంది. అది కూడా రబ్బరుకు చేటే.

రాలిన రబ్బరు ఊరికే పోదు. ఆయిలు పంపు అడుగున ఉండే జల్లెడకు అడ్డం పడుతుంది. కాలువ తూముకు గుర్రపుడెక్క అడ్డుపడినట్లే ఇదీ. ఆయిలు పైకి ఎక్కదు. ముందుగా టర్బో, ఆ తరువాత బేరింగులు ఎండి పట్టేస్తాయి. బెల్టే తెగితే పిస్టన్లు వాల్వులను గుద్దుకుంటాయి. ఏది జరిగినా ఖర్చు పాత కారు విలువను మింగేయగలదు.

ఈ బెల్టును 10 ఏళ్లకు గాని, 2 లక్షల 40 వేల కిలోమీటర్లకు గాని, ఏది ముందైతే దానికి మార్చాలన్నది కంపెనీ పెట్టిన గడువు. పల్లెల్లో కార్లు అంత దూరం తిరగవు గనుక మీటరు చూసి నిశ్చింతగా ఉండేవారు పొరబడుతున్నట్లే. 2013లో అమ్ముడైన బళ్లకు 2023తోనే పదేళ్లు నిండాయి. ఆయిలు మార్పిడి సరిగా జరగని బండికి గడువు దాకా ఆగకుండా ముందే మార్పించడం క్షేమం.

అమెరికాలో వెనక్కు పిలుపు

ఈ చిక్కు ఒక్క మన దేశానిదే కాదు. 2023 డిసెంబరులో అమెరికాలో ఫోర్డ్ కంపెనీ 1 లక్షా 39 వేలకు పైగా కార్లను మరమ్మతు కోసం వెనక్కు పిలిచింది. అవి 2016 నుండి 2018 వరకు మోడల్ ఫోకస్, 2018 నుండి 2022 వరకు మోడల్ ఎకోస్పోర్ట్ కార్లు. ఆయిలు పంపు బెల్టు బిగువును కాపాడే భాగం విరగడం గాని, బెల్టు పళ్లు ఊడడం గాని జరిగి, ఆయిలు ఒత్తిడి పడిపోయి, బండి నడుస్తుండగానే ఇంజన్ ఆగిపోయే ప్రమాదం ఉందన్నది కారణం. ఇంజన్ ఆగితే బ్రేకుకు ఉండే తోడు బలం కూడా పోతుంది. అమెరికాలో అమ్మిన ఆ ఎకోస్పోర్ట్‌లు మన చెన్నై ఫ్యాక్టరీ నుండి ఓడలెక్కి వెళ్లినవే కావడం గమనార్హం.

తరువాతి కాలంలో ఐరోపాలో తెచ్చిన ఈ ఇంజన్ కొత్త రకాల్లో వాల్వులను నడిపే బెల్టు స్థానంలో కంపెనీ గొలుసు అమర్చింది.

నీరు తగ్గితే మరో ముప్పు

తొలి సంవత్సరాల బళ్లలో చల్లబరిచే నీరు తిరిగే ఒక గొట్టం పగిలిన సందర్భాలున్నాయి. నీరు కారిపోతే చిన్న ఇంజన్ క్షణాల్లో కాగిపోతుంది. సిలిండరు హెడ్డు వంకర పోవడం, బీటలు వారడం జరుగుతుంది. బానెట్ ఎత్తి చూస్తే నీటి డబ్బా బయటికే కనిపిస్తుంది. వారానికోసారి ఉదయం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మట్టం చూసుకోవాలి. పదేపదే తగ్గుతుంటే బోరు నీళ్లు పోసి సరిపెట్టుకోరాదు. అందులోని ఉప్పు లోపల పేరుకుంటుంది. కారణం కనిపెట్టి కూలెంటే పోయించాలి. వేడి మీద మూత తిప్పితే ముఖం కాలుతుంది.

పెట్రోలు నేరుగా సిలిండరులోకి చిమ్మే ఇంజన్లన్నిటికీ ఉన్న మరో లోపం దీనికీ ఉంది. గాలి వచ్చే వాల్వుల మీద పెట్రోలు తగలదు గనుక అవి కడిగినట్లు కావు. కాలక్రమంలో మసి పేరుకుని బండి వణకడం, లాగుడు తగ్గడం కనిపిస్తుంది. దీన్ని శుభ్రం చేయించవచ్చు.

నడిపేవారు పాటించవలసినవి

• బండితో ఇచ్చిన పుస్తకంలో చెప్పిన ఆయిలే పోయించాలి. ఈ ఇంజన్‌కు కంపెనీ చెప్పినది 5డబ్ల్యూ 20 రకం. ట్రాక్టరుకో, డీజిలు జీపుకో తెచ్చిన చిక్కటి ఆయిలు మిగిలిందని ఇందులో పోయరాదు.

• బండి తిరిగినా తిరగకపోయినా ఏడాదికోసారి ఆయిలు, ఫిల్టరు మార్పించాలి.

• స్టార్టు చేసిన వెంటనే ఆక్సిలరేటర్ గట్టిగా తొక్కరాదు. దూరం వేగంగా వచ్చాక, ఘాట్ ఎక్కాక ఒక నిమిషం ఇంజన్‌ను నెమ్మదిగా తిరగనిచ్చి ఆపితే టర్బోలో ఆయిలు మాడదు.

• మైలేజీ కోసమని పెద్ద గేరులో నెమ్మదిగా పోతూ ఒక్కసారిగా తొక్కడం టర్బో పెట్రోలు ఇంజన్‌కు హాని. పెట్రోలు వేళ కాని వేళ అంటుకుని పిస్టన్లను దెబ్బ తీస్తుంది. గేరు తగ్గించి తొక్కాలి.

• ఎర్రటి ఆయిలు దీపం వెలిగితే ఊరు ఫర్లాంగు దూరంలోనే ఉన్నా సరే, బండి పక్కకు తీసి ఇంజన్ ఆపాలి. ట్రాక్టరుకు కట్టి లాగించుకోవడం మేలు.

కొనేముందు

పెయింటు మెరుపు, కొత్త సీటు కవర్లు చూసి బేరం కుదుర్చుకోవడం తగదు. ఆయిలు ఎప్పుడెప్పుడు మార్చారో తెలిపే సర్వీసు రసీదులు అడగాలి. బెల్టు మార్చినట్లు చెబితే బిల్లు చూడాలి. మార్చకపోతే ఆ ఖర్చును ధరలోంచి తగ్గించాలి. ఆయిలు పోసే మూత విప్పి లైటు వేసి చూస్తే బెల్టులో కొంత భాగం కనిపిస్తుంది. అంచులు పోగులు లేచినా, వీపున పగుళ్లు తేలినా ఆ బండి జోలికి పోకపోవడమే ఉత్తమం. ఇంజన్ చల్లగా ఉండగా స్టార్టు చేయించాలి. ముందే వేడి చేసి ఉంచిన బండి తన జబ్బు దాచుకుంటుంది.

బెల్టు మార్చేటప్పుడు ఇంజన్‌ను సరైన స్థానంలో బిగించి ఉంచే ప్రత్యేక పనిముట్లు కావాలి. అవి లేని షెడ్డులో అంచనాతో బిగిస్తే మరమ్మతే ముప్పు తెస్తుంది. పనిముట్లు ఉన్నాయో లేదో ముందే అడిగి తెలుసుకున్నాకనే బండి అప్పగించాలి. బెల్టు మార్చినప్పుడు ఆయిలు జల్లెడ కూడా విప్పి కడిగించడం మరువరాదు. పొట్టు జల్లెడలోనే ఉండిపోతే కొత్త బెల్టు వేసిన ఫలితం దక్కదు.