నేల విడిచిన గుమ్మం

ఫిరౌన్ల కట్టడాలు మనకెందుకని కొందరు అడుగుతుంటారు. భూమిపై సంచరించి గతించిన జాతుల గతి చూడమని దివ్యఖురాన్ చెబుతోంది కదా!

ఈజిప్టులో నైలు తూర్పు తీరాన లక్సర్ ఆలయం ఉంది. అందులో రెండవ రామ్సెస్ కట్టించిన ఆవరణలో, పాత స్తంభాల మీదనే 13వ శతాబ్దపు అబుల్ హజ్జాజ్ మసీదు నిలిచింది. దాని పాత గుమ్మం మాత్రం మనిషికి అందనంత ఎత్తున ఉంటుంది. కట్టిన రోజుల్లో నేల ఆ ఎత్తులోనే ఉండేది మరి. ఇసుక, ఒండ్రు, ఇళ్ళ శిథిలాలు ఆలయాన్ని అంతమేర పూడ్చేశాయి. 1880లలో మొదలైన తవ్వకాలతో నేల దిగిపోయింది, గుమ్మం పైనే మిగిలింది. లోపల నేటికీ నమాజు జరుగుతోంది.

అవతలి తీరాన, రాజుల లోయలో రామ్సెస్ సమాధిని వరదలు పాడుచేశాయి. ఇతడే మూసా (అలైహిస్సలాం) కాలపు ఫిరౌన్ అని చాలామంది అంటారు. ఖురాన్ పేరు చెప్పలేదు, మేమూ చెప్పం. అతని దేహం 2021 నుండి కైరోలో, అమ్ర్ బిన్ ఆస్ (రజియల్లాహు అన్హు) నెలకొల్పిన ఫుస్తాత్ ప్రాంతపు మ్యూజియంలో ఉంది.