డైవ్‌కీ డైవ్‌కీ మధ్య ఆ గంట!

హావ్‌లాక్‌... అదే, ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌. మొదటి డైవ్ ముగించుకుని తమ్ముడూ నేనూ పడవెక్కాం. 18 మీటర్ల లోతు, 40 నిమిషాలు. 'అన్నా, మళ్లీ దూకేద్దామా?' అన్నాడు వాడు. ఇన్‌స్ట్రక్టర్ మాత్రం నీళ్ల బాటిళ్లు చేతికిచ్చి, గంటసేపు కూర్చోమన్నాడు. డబ్బులు కట్టింది పడవలో కూర్చోడానికా అని నాకూ చిరాకేసింది.

ఆ గంట పేరే సర్ఫేస్ ఇంటర్వెల్‌. మనం పీల్చే గాలిలో దాదాపు 78 శాతం నైట్రోజనే. లోతుకెళ్లేకొద్దీ పెరిగే ఒత్తిడికి అది రక్తంలో, కండరాల్లో, కొవ్వులో కరుగుతుంది. నెమ్మదిగా పైకొస్తే ఊపిరితో బయటికి పోతుంది. గబగబా వచ్చేస్తే? గోలీసోడా కొట్టగానే బుస్సుమని పొంగుతుంది చూడండి... అలా ఒంట్లో బుడగలు! కీళ్ల నొప్పులు, తిమ్మిర్లు, కళ్లు తిరగడం... ముదిరితే కాళ్లు చచ్చుబడొచ్చు. డైవర్లు దీన్ని 'బెండ్స్‌' అంటారు.

బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ సహచరులతో కలిసి మేకల మీద ప్రయోగాలు చేసి, 1908లో డైవ్ టేబుల్స్ ప్రచురించాడు. ఇప్పటి ప్యాడీ టేబుల్ ప్రకారం మొదటి డైవ్‌లో 18 మీటర్ల దగ్గర గరిష్ఠంగా 56 నిమిషాలు, 30 మీటర్ల దగ్గర 20 నిమిషాలే. రెండో డైవ్‌కి ఆ టైమ్ కూడా రాదు. ఒంట్లో పాత నైట్రోజన్ మిగిలే ఉంటుంది కాబట్టి కోత పడుతుంది. పైన ఎంత ఎక్కువసేపు ఆగితే కోత అంత తక్కువ.

ఇంతలో ఇన్‌స్ట్రక్టర్ అడిగాడు, ఫ్లైట్ ఎప్పుడని. మర్నాడు పొద్దున 7కి. ఆ రోజు పడవ ఆలస్యం కావడంతో రెండో డైవ్ అయ్యేసరికి మధ్యాహ్నం 2 అవుతుంది. అంటే 17 గంటలే గ్యాప్‌. ఒకటికి మించి డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. విమానం లోపల గాలి ఒత్తిడి నేల మీదకంటే తక్కువ మరి!

'ఒక్క గంటే కదన్నా, తొమ్మిదిన్నర అని చెప్పేద్దాం' అని చెవిలో గొణిగాడు తమ్ముడు. నిజం చెప్తున్నా, నా నోటిదాకా వచ్చింది ఆ అబద్ధం. కానీ గాల్లో వీడికి కాళ్లు తిమ్మిరెక్కితే ఎవరిని పిలవాలి? అమ్మకేం చెప్పాలి?

రెండో డైవ్ మానేశాం. వాడు సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. ఫర్లేదు, సముద్రం ఎక్కడికీ పోదు.

మీరూ వెళ్తున్నారా? ఇవి గుర్తుంచుకోండి:
* పైకి నెమ్మదిగా రండి. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగండి.
* ఎవరి డైవ్ కంప్యూటర్ వాళ్లకే ఉండాలి.
* ఒక్క డైవే చేసినా ఫ్లైట్‌కి 12 గంటల గ్యాప్ ఉండాలి.
* ఫ్లైట్ టైమ్ దాచొద్దు!