తాళం సరే, చేసినోడెవడు?

మొన్న సంక్రాంతి సెలవుల్లో పాలకుర్తి వెళ్లినప్పుడు ఇంట్లో మూలన పడి ఉన్న పాత లాప్‌టాప్‌లో లైనక్స్ వేశాను. బాపు పక్కన కూర్చుని చూస్తూ, "ఇండ్ల బ్యాంకు ఓపెన్ చేస్తె పైసలు ఎవ్వరన్న గుంజుకుంటె ఎట్లరా?" అన్నాడు. బ్రౌజర్‌లో తాళం గుర్తు చూపించాను. "తాళం సరే, అది చేసినోడెవడు?" అన్నాడు. సీఎస్ఈ చదువుతున్నా నా దగ్గర జవాబు లేదు. తర్వాత వెతికితే దొరికింది ఇదీ.

మనం పంపే పాస్‌వర్డ్ దారిలో ఎవరికీ అర్థం కాకుండా మార్చే పని చాలా చోట్ల ఒక లైబ్రరీ చేస్తుంది. లైనక్స్‌లో, సర్వర్లలో ఎక్కువగా వాడేది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్. మన తెలుగువాళ్లు తయారుచేసిన స్వేచ్ఛ ఓఎస్ కూడా డెబియన్ కుటుంబానిదే. అంటే మెనూలు తెలుగులో ఉన్నా, కింద తాళం మాత్రం ప్రపంచమంతా వాడేదే.

2014 ఏప్రిల్ 7న ఆ తాళంలో లోపం బయటపడింది. పేరు హార్ట్‌బ్లీడ్. లైన్‌లో ఉన్నావా అని సర్వర్‌ని అడగడానికి ఒక చిన్న మాట పంపుతాం, అది అదే మాట తిరిగి పంపాలి. ఇక్కడే తిరకాసు. 'పాలకుర్తి' అని పంపి, "ఇది 64 వేల బైట్లు, తిరిగి పంపు" అన్నామనుకోండి. సర్వర్ పొడవు సరిచూడకుండా, ఆ మాటతో పాటు తన మెమరీలో పక్కనున్నదంతా ఇచ్చేసేది. అందులో పాస్‌వర్డ్‌లు ఉండొచ్చు, సర్వర్ రహస్య కీ కూడా ఉండొచ్చు. ఈ తప్పు 2012 మార్చిలో వచ్చిన 1.0.1 వెర్షన్ నుంచీ ఉంది. కోడ్ అందరికీ కనిపిస్తూనే ఉంది, కానీ రెండేళ్లు ఎవరూ పట్టుకోలేదు. అప్పట్లో ఆ ప్రాజెక్టులో ఫుల్‌టైమ్ పనిచేసేది ఒక్కరే!

ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లకి ఒళ్లు మండింది. అదే నెలలో ఆ కోడ్ తీసుకుని, అక్కర్లేనివి కొట్టేస్తూ లిబ్రెఎస్‌ఎస్‌ఎల్ మొదలుపెట్టారు. మొదటి వారంలోనే దాదాపు 90 వేల లైన్లు తీసేశారు. గూగుల్ కూడా తన అవసరాలకు బోరింగ్‌ఎస్‌ఎస్‌ఎల్ చేసుకుంది.

మరి అందరూ లిబ్రెకి మారిపోవచ్చు కదా? నేనూ అదే అనుకున్నా. ఆల్పైన్ లైనక్స్, వాయిడ్ లైనక్స్ నిజంగానే మారాయి. కానీ ఆల్పైన్ 2019లో, వాయిడ్ 2021లో మళ్లీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కే వచ్చేశాయి. కారణం, తాళం మారిస్తే సరిపోదు, దాన్ని వాడే వందల ప్రోగ్రాములు కూడా దానికి సరిపడాలి. అవన్నీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కొత్త ఫంక్షన్ల కోసం రాసినవి. ప్రతిదానికీ ప్యాచ్‌లు రాసుకుంటూ పోవాలి. సెక్యూరిటీకి సంబంధించిన కోడ్‌లో చేత్తో పెట్టే ప్రతి ప్యాచ్ ఇంకో తప్పుకి అవకాశమే. ఈలోగా ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కి నిధులొచ్చాయి, మనుషులొచ్చారు, కోడ్ కూడా బాగుపడింది. టీఎల్‌ఎస్ 1.3 దానికి 2018లోనే వస్తే, లిబ్రెకి 2020లో వచ్చింది.

అలాగని లిబ్రె వృథా అనలేం. ఓపెన్‌బీఎస్‌డీలో ఇప్పటికీ అదే నడుస్తోంది, ఎందుకంటే అక్కడ తాళం, తలుపు రెండూ వాళ్లే చూసుకుంటారు.

ఇక మన సంగతి. టెర్మినల్‌లో 'ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వెర్షన్' కమాండ్ కొట్టండి. పాత నంబర్ కనిపించిందని వెంటనే కంగారు పడొద్దు, డెబియన్ లాంటివి పాత నంబర్‌లోనే కొత్త రిపేర్లు కలుపుతాయి. చూడాల్సింది మీ ఓఎస్‌కి ఇంకా సెక్యూరిటీ అప్‌డేట్‌లు వస్తున్నాయా లేదా అని. అప్‌డేట్ చేశాక రీస్టార్ట్ కూడా చేయండి, లేకపోతే నడుస్తున్న ప్రోగ్రాములు మెమరీలో ఉన్న పాత లైబ్రరీనే వాడుతుంటాయి.

నిజం చెప్పాలంటే, బాపు అడిగిన రోజుకి నా సొంత లాప్‌టాప్ అప్‌డేట్ చేసి ఐదు నెలలైంది. ముందు అది చేసి, తర్వాత ఇంటికి ఫోన్ చేసి ఈ కథంతా చెప్పాను. "అయితె ఆ ఒక్కనికి ఇప్పుడు తోడు దొరికిండ్రన్నమాట" అన్నాడు బాపు.